ఫోను చెడితే మొర ఎవరికి? అంగడికా, కంపెనీకా?

శ్రీశైలం (మా విలేఖరి): కొత్తగా కొన్న స్మార్ట్‌ఫోను నెల తిరక్కముందే మొరాయిస్తే జవాబుదారీ ఎవరన్నది నల్లమల గ్రామాలలో ఇంటింటి ప్రశ్నగా తయారైంది. అమ్మిన అంగడాయన కంపెనీని అడగమంటాడు. కంపెనీకి ఫోను చేస్తే సర్వీసు సెంటరుకు పొమ్మంటారు. సర్వీసు సెంటరువారు మూత విప్పి చూసి, లోపల తడి తగిలింది, ఇది వారంటీ కిందకు రాదు, డబ్బు కట్టండి అని తేల్చేస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారి పాట్లు ఇంకొక రకం. వారికి పోట్లాడడానికైనా ఎదురుగా మనిషి కనిపించడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటినాక బోడి మల్లన్న అన్న సామెత సాక్షాత్తు మల్లన్న కొండమీదనే రుజువవుతుండడం విచారకరం.

ఫోను పోతే మాటలే కదా పోయేది అనుకునే రోజులు కావివి. పి.ఎం. కిసాన్ సొమ్ముకు ఈ-కేవైసీ చేయించాలన్నా, ఖాతాలో డబ్బు పడిందీ లేనిదీ చూసుకోవాలన్నా, గ్యాసు బండ బుక్ చేయాలన్నా, ఆధార్ ఓటీపీ రావాలన్నా ఫోను ఉండవలసిందే. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు ప్రారంభించింది. కచేరీ జేబులోకి వచ్చిందని అందరూ సంతోషించారు. జేబులోని ఆ కచేరీకి తాళం పడితే తీసే బాధ్యత ఎవరిదో గ్రామస్థునికి చెప్పేవారు మాత్రం లేరు.

ఇవి చవక సరుకులూ కావు. పది పన్నెండు వేల రూపాయలంటే వ్యవసాయ కూలీకి నెల రోజుల రెక్కల కష్టం. చాలామంది వాయిదాల మీద కొంటున్నారు. ఫోను మూలపడినా వాయిదా ఆగదు. ఫోను చేసిన కంపెనీ వేరు, అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ వేరు. ఫోను పనిచేయడం లేదని కోపగించి వాయిదాలు ఎగవేసినవారు రేపు బ్యాంకుకు పోయి రుణమడిగినప్పుడు ఆ పాత బాకీ తెరమీదికి వస్తుందని గ్రహించాలి.

దూరమే సగం శిక్ష

పక్షిలా ఎగిరిపోతే నంద్యాలకు శ్రీశైలం ఎంతో దూరం లేదు. నడుమ అడవి ఉన్నది గనుక బస్సు ఆత్మకూరు, దోర్నాల తిరిగి రావాలి. నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దోర్నాల ఘాటులో రాత్రి తొమ్మిది దాటితే అటవీశాఖ గేటు పడుతుంది. సుండిపెంటలో ఉండే కూలీ ఒకరు ఫోను బాగుచేయించదలిస్తే, కంపెనీని బట్టి నంద్యాలకో కర్నూలుకో పోవాలి. ఆనాడు ఇచ్చి రావాలి. విడిభాగం వచ్చిందని కబురు అందినాక మళ్ళీ పోవాలి. కబురు అందడానికి ఫోను అతని దగ్గర ఉండదన్నది గమనార్హం. పక్కింటివారి నంబరు రాయించి రావాలన్న మాట. రెండు మార్లు తిరిగితే బస్సు ఛార్జీలు, పోయిన కూలి, తిండి ఖర్చు కలిపి ఫోను ఖరీదులో గణనీయమైన భాగం అవుతుంది. ‘ఉచిత మరమ్మతు’ అన్న మాటకు అర్థం ఇది.

చెంచు గూడేలవారి సంగతి చెప్పనక్కరలేదు. ఆళ్లగడ్డ ప్రాంతం కొంత మేలు. జాతీయ రహదారి ఉన్నది, నంద్యాల నలభై కిలోమీటర్ల దాపున ఉన్నది. అయినా అహోబిలం, రుద్రవరం పల్లెలనుంచి వచ్చేవారికి ఒక దినం పని పోకతప్పదు.

ఇందులో ఒక విడ్డూరం ఉన్నది. ఫోన్లు ఎక్కడో చైనాలోనే తయారవుతాయని మనవారు అనుకుంటారు. 2015 ఆగస్టులో షియోమీ కంపెనీ తన తొలి దేశవాళీ ఫోనును తిరుపతికి దిగువన ఉన్న శ్రీసిటీ కర్మాగారంలో చేయించి విశాఖపట్నంలో విడుదల చేసింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఆ సభలో ఉన్నారు. అంటే పదేళ్ళ కిందటే ఫోను మన రాష్ట్రంలో పుట్టడం మొదలైంది. పుట్టిల్లు దగ్గరకు వచ్చింది, ఆసుపత్రి దగ్గరకు రాలేదు.

అంగడాయన గోడు

అమ్మినవారినందరినీ మోసగాళ్ళ కింద జమకట్టడం న్యాయం కాదు. ఆత్మకూరులోనో ఆళ్లగడ్డలోనో చిన్న గది అద్దెకు తీసుకుని ఫోన్లు అమ్మేవారి చేతిలో విడిభాగాలు ఉండవు. కంపెనీ వేసిన సీలు అతను విప్పితే వారంటీయే పోతుందని కంపెనీ అంటుంది. ఒక్కొక్క ఫోను మీద అతనికి మిగిలేది స్వల్పం. కొన్నవాడు గడపలో నిలబడి నలుగురు వినేలా అరుస్తుంటే అడకత్తెరలో పోకచెక్కలా నలిగేది అతనే.

ఈ బాధ చిన్న అంగళ్ళదే కాదనడానికి 2024 నాటి ఉదంతమే సాక్ష్యం. ఆ ఏడాది ఏప్రిల్‌లో దక్షిణాది మొబైల్ దుకాణాల సంఘం వన్‌ప్లస్ కంపెనీకి ఒక లేఖ రాసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటకలతోపాటు మహారాష్ట్ర, గుజరాత్‌లలోని దాదాపు 4,500 దుకాణాలలో మే 1వ తేదీనుంచి ఆ కంపెనీ సరుకు అమ్మబోమని అందులో హెచ్చరించింది. లాభం చాలడం లేదనేది ఒక ఫిర్యాదు. వారంటీ, సర్వీసు క్లెయిముల పరిష్కారంలో కంపెనీ జాప్యం చేస్తున్నందున కొనుగోలుదార్ల ఆగ్రహం తమమీద పడుతున్నదనేది మరొకటి. సమస్య పరిష్కారానికి వ్యాపారులతో మాట్లాడుతున్నామని కంపెనీ అప్పట్లో బదులిచ్చింది. వేల దుకాణాలు ఒక్కటై నిలిస్తేగాని కంపెనీ చెవికి ఎక్కని మొర, సుండిపెంట కూలీ ఒక్కడు చెబితే ఎక్కుతుందా?

అయితే అంగడాయనను పూర్తిగా వదిలిపెట్టడమూ కుదరదు. ట్రాక్టరు అమ్మే డీలరు షెడ్డు కట్టి, మెకానిక్కును పెట్టి, కూపన్లమీద ఉచిత సర్వీసు చేయక తప్పడం లేదు. మోటారు సైకిలూ అంతే. అమ్మకానికి సర్వీసుకు ముడి వేసినచోట కంపెనీ డీలరుకు అందుకు డబ్బు కూడా ఇస్తుంది. ఫోను విషయంలో ఆ ముడి తెంచేశారు. అమ్మేది ఒకరు, విప్పేది మరొకరు, పేరు మాత్రం మూడోవారిది. అధీకృత సర్వీసు సెంటరు కూడా చాలాచోట్ల కంపెనీ సొంతం కాదు. కాంట్రాక్టు తీసుకున్న వేరొక వ్యాపారిది. ముగ్గురూ ఒకరివైపు ఒకరు వేలు చూపడానికి వీలు ఇక్కడే కలిగింది.

విత్తనాల పాఠం

నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు ఈ గోడు కొత్తది కాదు. విత్తనం మొలవనప్పుడు డీలరు కంపెనీ పేరు చెప్పడం, కంపెనీ నేల బాగాలేదని, వాన సరిగా పడలేదని అనడం ఈ ప్రాంతం ఎరిగిన భాగోతమే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అమ్మిన విత్తనాల మీద మన ఆంధ్రప్రదేశ్ రైతులే కొందరు వినియోగదారుల ఫోరాలకు పోయి నష్టపరిహారం గెలిచారు. విత్తనాలకు వేరే చట్టం ఉన్నది, రైతు వినియోగదారుడే కాడు అని ఆ సంస్థ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి రైతుల పక్షాన నిలిచింది. విత్తనమంతా చల్లుకున్న రైతును నమూనా తెచ్చి చూపమనడం తగదని కూడా చెప్పింది. నేలలో కలిసిపోయిన విత్తనానికే న్యాయం దొరికినప్పుడు, చెడిన ఫోను చేతిలో పెట్టుకుని ఉన్నవారు వెనుదీయవలసిన పని లేదు.

చట్టం ఎవరి చెయ్యి పట్టుకోమంటుంది?

డబ్బు తీసుకున్నవాడు సరుకు పనికివచ్చేలా ఇవ్వాలన్నది బ్రిటిషు హయాంలో వచ్చిన 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనే ఉన్నది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానే 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20నుంచి అమలులో ఉన్నది. ఈ చట్టం అమ్మినవారినీ తయారుచేసినవారినీ ఇద్దరినీ బోనులో నిలబెట్టనిస్తుంది.

బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, ఏమీ రాయకపోతే 30 రోజులలోపల తీసుకువెళ్ళాలి. కనుక మాకు సంబంధం లేదు, కంపెనీ చూసుకుంటుంది అని అంగడాయన అనడం చెల్లదు. మరమ్మతు అతను చేయనక్కరలేదు, ఫిర్యాదు మాత్రం అతను తీసుకోవలసిందే. ఈ విలేఖరి అభిప్రాయంలో తగవు తీరే మార్గం ఇదే. మొదటి గడప అమ్మినవానిది. ఖర్చు భరించవలసింది కంపెనీ. అంగడాయన ఫోను తీసుకుని రసీదు ఇచ్చి, కంపెనీకి పంపి, తెప్పించి ఇవ్వాలి. అందుకు అతనికి ముట్టవలసినది కంపెనీ చెల్లించాలి.

ఐరోపా దేశాలలో ఈ పద్ధతి ఇప్పటికే నడుస్తున్నది. అక్కడ కొత్త సరుకు లోపానికి రెండేళ్ళదాకా అమ్మినవాడే కొన్నవానికి జవాబుదారు. ఆపై అమ్మినవాడు కంపెనీనుంచి రాబట్టుకుంటాడు. పైగా 2025 జూన్ 20నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు, ఆ రకం అమ్మకం ఆగిన తర్వాత ఏడేళ్ళపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాలని కంపెనీలకు నిబంధన పెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేర ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు సర్వీసు వివరాలు, విడిభాగాల సంగతులు అందులో పెట్టడం మంచిదే. మంచిదే గాని, చెడిన ఫోనులో ఆ పోర్టల్ తెరుచుకోదు!

ఆన్‌లైన్‌లో కొన్నవారికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అండ. అమ్మకపు సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు ప్రకటించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననే హక్కు అమ్మకందారుకు లేదు.

ఫిర్యాదు రాసేటప్పుడు అమ్మినవారిని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఇందుకు కారణం ఉన్నది. పాత కారును కొత్తదని అంటగట్టిన గోవా డీలరు తగవులో, డీలరు చేసిన తప్పుకు కంపెనీని పట్టుకోలేమని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక్కరినే పట్టుకుంటే రెండోవారి మీద నెట్టి తప్పించుకునే వీలున్నది. ఇద్దరినీ పట్టుకుంటే ఎవరి వంతు ఎంతో వారే తేల్చుకుంటారు. పెద్ద కంపెనీ శాశ్వతంగా ఉంటుందన్న నమ్మకమూ పనికిరాదు. ఎల్.జి. అంతటి సంస్థ 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం చాలించుకుంటున్నట్టు ప్రకటించింది.

బ్యాటరీ పేలి చెయ్యి కాలినా, ఇంట్లో సామాను తగలబడినా అది మరొక మెట్టు పైవిషయం. 2016లో శాంసంగ్ తన నోట్ 7 ఫోన్లు మంటలు రేపుతుండడంతో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అటువంటి హానికి తయారీదారు పరిహారం చెల్లించాలని 2019 చట్టంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. తయారీదారు ఎవరో తెలియకపోయినా, విదేశంలో ఉండి నోటీసు అందకపోయినా ఆ బాధ్యత అమ్మినవాని నెత్తిన పడుతుంది. పేరూ ఊరూ లేని ఛార్జర్లు, బ్యాటరీలు తెచ్చి అమ్మే అంగళ్ళు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

ఫిర్యాదుకు ఢిల్లీ పోనక్కరలేదు. కొన్నవారు ఎక్కడ నివసిస్తే అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోకుండా తామే వాదించుకోవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. పరీక్షలు అవసరం లేని ఫిర్యాదును ఎదుటివారికి నోటీసు అందిన మూడు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. అంత దూరం పోకముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే ఫిర్యాదు రాసుకుంటారు. కమిషన్ పేరెత్తకుండానే చాలా తగవులు అక్కడ తేలిపోతాయి.

కాగితమే ఆయుధం

ఇన్ని హక్కులున్నా చాలామంది ఓడిపోయేది కొన్న రోజునే. బిల్లు లేకుండా తీసుకుంటే అయిదు వందలు తగ్గిస్తామంటే సరేననడం రివాజు అయింది. ఫోనుమీద నూటికి 18 రూపాయల జి.ఎస్.టి. ఉన్నది. బిల్లు వద్దనిపించడంలో అంగడికి లాభం ఎక్కడో ఊహించడం కష్టం కాదు. కొన్నవానికి మిగిలేది అయిదు వందలు, పోయేది ఏడాది వారంటీ.

బిల్లుమీద ఫోను తాలూకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఉండాలి. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది. పెట్టెమీదిది, బిల్లుమీదిది, ఫోనులోది మూడూ ఒకటేనా అని అంగట్లోనే చూసుకోవాలి. పెట్టెమీద ఫిర్యాదులకు సంప్రదించవలసినవారి పేరు, చిరునామా, ఫోను నంబరు అచ్చు వేయాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. పెట్టెను పొయ్యిలో వేయకుండా అటకమీద పడేసి ఉంచాలి. మామూలుగా ఫోనుకు ఏడాది, ఛార్జరుకు ఆరు నెలలు వారంటీ ఇస్తారు. కొనేటప్పుడే అడిగి రాయించుకోవాలి.

సర్వీసు సెంటరులో ఫోను ఇచ్చేటప్పుడు జాబ్ షీటు తీసుకోకుండా కదలకూడదు. తెర పగిలి లేదని, మూత సొట్ట లేదని అందులో రాయించుకోవాలి. లేకుంటే తీసుకునేటప్పుడు కొత్త సొట్ట కనిపిస్తే అది ఎప్పటిదో తేల్చేవారుండరు. తడి తగిలిందన్నమాట వస్తే ఆధారం చూపమని అడగాలి. చాలా ఫోన్లలో లోపల చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది. నీరు తగిలితే అది ఎర్రబడుతుంది. ఎర్రబడిన స్టిక్కరు చూపలేనివారు ఆ మాట కాగితంమీద రాసివ్వడానికి వెనకాడతారు. డ్యాం గేట్లు ఎత్తినప్పుడు తుంపర్లలో నిలబడి ఫోటోలు తీసుకునేవారూ, చెమట పట్టిన జేబులో ఫోను పెట్టుకుని కలుపు తీసేవారూ ఈ స్టిక్కరును గుర్తుంచుకోవాలి.

ఒక్కోసారి దోషం ఫోనుది కాకపోవచ్చు. అడవిలో టవరు అందనిచోట ఏ ఫోనైనా మూగదే. సిమ్ తీసి వేరొక ఫోనులో వేసి చూస్తే గుట్టు తెలుస్తుంది. తప్పు సిమ్ కంపెనీది అయితే దానిమీద కూడా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చునని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దొంగ కస్టమర్ కేర్

అంగడీ కంపెనీ రెండూ తప్పుకున్న చోట మూడోవాడు దూరుతున్నాడు. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇదే. కంపెనీ నంబరు తెలియనివారు ఇంకొకరి ఫోనులో గూగుల్ తీసి వెదుకుతారు. అక్కడ మోసగాళ్ళు కంపెనీ పేరుతో తమ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. ఎంతో మర్యాదగా, ఏమండీ అని పిలిచి మాట్లాడతారు. అసలు కంపెనీవారు అంత మర్యాదగా మాట్లాడితే ఈ వ్యాసమే అవసరం ఉండేది కాదు! ఆనక పది రూపాయలు రిజిస్ట్రేషన్ రుసుము కట్టమంటారు, ఒక యాప్ ఎక్కించమంటారు, ఓటీపీ చెప్పమంటారు. చెప్పిన మరుక్షణం ఖాతా ఖాళీ. అటువంటిది జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము నిలుపు చేయడానికి అంత అవకాశం ఉంటుంది. పెట్టెమీద అచ్చయిన నంబరు తప్ప వేరే నంబరు నమ్మరాదు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు కూడా డబ్బు లావాదేవీల రహస్య నంబరు ఎవ్వరికీ చెప్పనక్కరలేదు.

కంపెనీలు తలచుకుంటే ఈ ప్రాంతానికి చేయగలిగింది ఉన్నది. ఆత్మకూరు, సుండిపెంట, ఆళ్లగడ్డలలో నెలకొక రోజు అన్ని కంపెనీల సర్వీసు మనుషులు ఒకచోట కూర్చుని ఫోన్లు తీసుకుని, మరుసటి నెలలోగా తిరిగి ఇస్తే జనానికి నూటయాభై కిలోమీటర్ల తిరుగుడు తప్పుతుంది. శివరాత్రికి వేల ఫోన్లు అమ్ముకునే ప్రకటనలు కొండదాకా వస్తున్నప్పుడు, ఒక మెకానిక్కు రావడానికి దారి లేదనడం నమ్మశక్యం కాదు. ఫోన్లు అమ్మే ప్రతి అంగడిలోనూ ఫిర్యాదు ఎవరు తీసుకుంటారో, ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారో తెలుగులో బోర్డు పెట్టించే పని అధికారులు చేపట్టాలి. నంద్యాల కలెక్టరేటులో సోమవారం నాడు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అర్జీ పెట్టదలచినవారు బిల్లు నకలు, జాబ్ షీటు, పెట్టెమీది నంబరు వెంట తీసుకుపోవాలి.